కస్టడీ హక్కులకు గండి ఎక్కడ? – పులుకూరి కోటయ్య కేసు మళ్ళీ చదివితే

నిందితుల కస్టడీ హక్కుల మీద మన వ్యాసాలు ఎక్కువగా 1996 నాటి డి.కె.బసు తీర్పుతో మొదలై, అందులోని 11 ఆదేశాలు ఏకరువు పెట్టి ముగుస్తాయి. ఆ ఆదేశాలు సరిగ్గా అమలైతే లాకప్ హింస ఆగిపోతుందని వాటి ధీమా. నా పేచీ దానితోనే. అరెస్టు మెమో, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్యపరీక్ష – ఇవి కస్టడీ ఎలా సాగాలో చెబుతాయి. పోలీసులకు కొట్టే అవసరం ఎందుకు పుడుతుందో చెప్పవు. అది పుట్టేది సాక్ష్య చట్టంలో.

1872 చట్టంలోని 25, 26 సెక్షన్లు పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలును తోసిపుచ్చాయి. 27వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది: నిందితుడి మాటను బట్టి ఏదైనా బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. ఎంత మేరకన్నది తేలింది గుంటూరు జిల్లా కేసులోనే. పులుకూరి కోటయ్య కేసులో ఒక నిందితుడు బల్లెం గడ్డివామిలో దాచానన్నాడు. దాచిన చోటు, అది అతనికి తెలుసన్న సంగతి మాత్రమే చెల్లుతాయనీ, దానితో పొడిచానన్న మాట చెల్లదనీ ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. తీర్పు రాసిన సర్ జాన్ బోమాంట్ మరో మాటా అన్నారు: వస్తువు దొరికితే చాలు ఒప్పుకోలంతా చెల్లుతుందంటే, దాన్ని రాబట్టే నేర్పు పోలీసులకు కొదవ ఉండదని. చురక వేశారు గానీ, ఆ నేర్పుకు పని కల్పించే సెక్షన్ జోలికి పోలేదు.

ఫలితం మన రిమాండు రిపోర్టుల్లో కనిపిస్తుంది. అరెస్టు, ఒప్పుకోలు, రికవరీ ఒకే పూట జరిగినట్టు, మధ్యవర్తుల సంతకాలతో సహా, చక్కగా కుదిరిపోతాయి. రాజ్యాంగం 22వ అధికరణం చెప్పిన 24 గంటల లెక్క కాగితం మీది అరెస్టుతో మొదలవుతుంది. స్టేషన్‌కు పిలిపించి కూర్చోబెట్టిన రోజులు ఆ లెక్కలోకి రావు. రికవరీ ఏమీ లేకున్నా హింస జరుగుతుందని 1978లో హైదరాబాద్ పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన రమీజాబీ ఉదంతం గుర్తుచేస్తుంది. అయినా ఇక్కడ నా పేచీ రికవరీ కోసం సాగే హింసతోనే.

1872 చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 27వ సెక్షన్‌ను తీసేయలేదు. 23వ సెక్షన్‌కు షరతుగా చేర్చింది. కొత్త నేర ప్రక్రియా చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయమంటుంది. అంటే కెమెరా గడ్డివామి దగ్గర తప్పనిసరి, నోరు విప్పించిన గదిలో కాదు. విచారణ వేళ న్యాయవాదిని కలిసే హక్కు ఇచ్చిన అదే సంహిత 38వ సెక్షన్ కూడా విచారణ పొడవునా కాదని షరతు పెట్టింది.

స్వతంత్ర భారతంలో కస్టడీ హక్కులను నిర్వీర్యం చేయడంలో 27వ సెక్షన్ మినహాయింపుది పెద్ద పాత్ర. న్యాయవాది ఎదుట చెప్పని మాట, ఏ వస్తువు దొరికినా సరే, సాక్ష్యం కాదని శాసనం చేయాలి. అంతవరకు 11 ఆదేశాలూ స్టేషన్ గోడ మీది బోర్డుకే పరిమితం.