పట్టమా? పటమా?

కొన్ని వారములక్రిందట మా కేంద్రమునకు సంగారెడ్డినుండి ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు పటాన్‌చెరు కర్మాగార మొకదానియందు పనిచేయుచున్న ఒక తండ్రి. వారి కుమారుడు ఇంటర్మీడియట్ పరీక్షలో కృతార్థుడయ్యెను. ఇంజనీరింగు కళాశాలలో చోటు దొరకుటకు చాలినన్ని మార్కులే వచ్చినవి. కాని ఆ కుఱ్ఱవాడు బొమ్మలు వేయుటయే తన వృత్తియని భీష్మించుకొని కూర్చున్నాడట. తల్లి రెండు దినములు అన్నము ముట్టలేదట. ఉత్తరము చివర ఆ తండ్రి అడిగినది ఒక్కటే ప్రశ్న: మా ప్రాంతమున బొమ్మలు వేసి బ్రతికినవారు ఎవరైన గలరా?

ఎవరి బిడ్డ ఏమి చదువవలెనో చెప్పు అధికారము నాకు లేదు. నేను బి. ఏ. పట్టము పుచ్చుకొన్నవాడను; మైక్రోఫోను ముందు కూర్చుండి మాటాడుట మాత్రము ఆ పట్టము నాకు నేర్పలేదు. అయినను ఆ ప్రశ్నకు చరిత్రలో సమాధానము కలదు గనుక దానిని శ్రోతలకందరకును వినిపించుట ఉచితమని తోచినది.

ఈ తగవు ఆ ఇంటిలో పుట్టినది కాదు. 1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు వెలసినవి. ఆ సంవత్సరముననే బొంబాయిలో సర్ జంషెట్జీ జీజీభాయి పేర చిత్రకళాశాల తెరువబడినది. మద్రాసులో అంతకు ముందే, 1850లో, అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు ఒక కళాశాలను ప్రారంభించియుండెను. అనగా రెండు విధములైన చదువులును ఇంచుమించు ఒకే కాలమున మన దేశమునకు వచ్చినవన్నమాట. కాని రెంటి నడుమ ఒక గోడ లేచినది. విశ్వవిద్యాలయము ఇచ్చునది పట్టము; దానితో గుమాస్తా, వకీలు, తహసీలుదారు కావచ్చును. చిత్రకళాశాల ఇచ్చునది పనితనము. చేతిపనివాండ్రను తీర్చిదిద్దుటయే దాని పని యని నాటి ప్రభువులు తలచిరి. జీతము గోడకు ఒక ప్రక్కనే ఉన్నప్పుడు ఏ తండ్రి తన కుమారుని రెండవ ప్రక్కకు పంపును?

ఆ గోడను మొట్టమొదట దాటించినవాడు, చిత్రముగా, ఒక కళాశాలాధ్యక్షుడే. ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. పిల్లలను గోదావరి గట్టునకు తీసికొనిపోయి ప్రకృతిని చూచి బొమ్మలు వేయించెడివాడు. ఆయన కంటబడిన బాలురలో దామెర్ల రామారావు ఒకడు, అడివి బాపిరాజు మఱియొకడు.

రామారావు 1897లో జన్మించెను. విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కింపక అతనిని 1916లో బొంబాయి చిత్రకళాశాలకు పంపించినది కూల్డ్రే దొరయే. పట్టములు పంచుటయే వృత్తిగా గల ప్రిన్సిపాలు ఒక విద్యార్థిని ఆ పట్టము అక్కఱలేదని వేఱొక త్రోవ పట్టించుట ఎంతటి సాహసమో ఆలోచింపుడు. రామారావు బొంబాయిలో చదువు ముగించి, దేశాటనము చేసి, స్వస్థలమునకు మరలి వచ్చి అచ్చట చిత్రకళాశాలను నెలకొల్పెను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ సైతము కుంచె పట్టిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి ఆయన కన్నుమూసెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లయినను నిండలేదు. కనుక అతడు ముదిమివఱకు కుంచెతోనే సంసారము నడపగలిగియుండెడివాడా అను ప్రశ్నకు జవాబు దొరకకయే పోయినది. చిత్రములు మాత్రము రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో నేటికిని ఉన్నవి.

బాపిరాజు త్రోవ వేఱు. ఆయన బి. ఏ. చదివెను, న్యాయశాస్త్రము చదివెను, భీమవరమున కొంతకాలము వకీలుగా ఉండెను. నల్లకోటు ఆయన కెన్నడును కుదరలేదు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారివద్ద చిత్రలేఖనము నేర్చెను. ఆ కళాశాలకే 1934నుండి 1939వఱకు ప్రిన్సిపాలుగా ఉండెను. చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించెను. హైదరాబాదునకు వచ్చి "మీజాన్" పత్రికకు సంపాదకుడాయెను. నవలలు వ్రాసెను, పాటలు పాడెను. 1952లో గతించువఱకు ఒక్క ఉద్యోగమునందును ఆయన స్థిరముగా నిలిచినట్లు కానరాదు. పట్టము చేతనుండియు నిలకడలేదు. తరువాతి తరమున బాపుగారు మాత్రము 1955లో మద్రాసులో న్యాయశాస్త్రపట్టము పుచ్చుకొని, దానిని ఒక మూలనుంచి, బొమ్మలతోనే జీవితమంతయు గడపిరి. ఆయనను వకీలుగా ఎఱిగినవారు ఎందఱు?

ఇదియంతయు కోస్తామాట, మాకేమని సంగారెడ్డి తండ్రి అడుగవచ్చును. కావున ఇటు వత్తము.

ఈ ప్రాంతమున చిత్రకారులు లేని కాలము లేదు. చేర్యాల నకాషీలు వస్త్రముపై కులపురాణముల పటములు వ్రాసిరి. ఆ పటములను విప్పుచు కథకులు ఊరూర కథ చెప్పిరి. అయితే ఆ నకాషీ ఇంటి బాలునకు కళాశాలయా కుంచెయా అను ప్రశ్నయే లేదు. తండ్రి కుంచె కొడుకు చేతికి వచ్చెడిది. అతని నెవ్వరును అడుగలేదు. ఎన్నుకొనుట యనునది నడుమ వచ్చిన భాగ్యము; దానితోపాటు ఈ దిగులును వచ్చినది.

ఆ నకాషీ పటములనుండియే తన శైలిని తీసికొన్నవాడు కాపు రాజయ్యగారు. వారు 1925లో సిద్దిపేటలో జన్మించిరి. సిద్దిపేట నాడు మెదకు జిల్లాలోనిది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము సంగారెడ్డియే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోవువఱకు అట్లే ఉండెను. కనుక రాజయ్యగారిని సంగారెడ్డివారు తమవాడనుకొనుటలో తప్పులేదు. హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, నగరమున నిలిచిపోక, సిద్దిపేటకే మరలి పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయుడుగా పనిచేసిరి. బోనాలు, బతుకమ్మ, పల్లెపడుచులు, ఇవియే ఆయన చిత్రములకు వస్తువులు. 1963లో అచ్చటనే లలితకళాసమితిని స్థాపించిరి. 2012లో పరమపదించిరి. ఆ సంసారమును పోషించినది పటముల అమ్మకము కాదు, డ్రాయింగు మాష్టరు జీతము. ఈ మాటను దాచుట న్యాయము కాదు. మన దేశమున చిత్రకళ పెక్కుచోట్ల బడిపంతులు జీతముమీదనే నిలిచినది.

కరీంనగరు జిల్లానుండి 1915లో పుట్టిన పి. టి. రెడ్డిగారు బొంబాయి వెళ్ళి చదివి, అచ్చటి యువచిత్రకారుల కూటములలో పేరు గాంచిరి. ఆయన తరమువారికి బొంబాయి తప్ప వేఱు గతి లేకుండెను. 1940లో హైదరాబాదున కళాశిల్పముల పాఠశాల ఏర్పడుటతో ఆ కొఱత తీరినది. ఆ విద్యాలయముననే డిప్లొమా పొందినవారు కె. లక్ష్మాగౌడుగారు. మెదకు జిల్లా నిజాంపూరున 1940లో పుట్టిరి. పల్లెలో తోలుబొమ్మలను, మట్టిపనిని చూచుచు పెరిగిన బాలుడు. హైదరాబాదునుండి బరోడా వెళ్ళి కె. జి. సుబ్రహ్మణ్యన్‌గారివద్ద భిత్తిచిత్రములు, ముద్రణచిత్రములు నేర్చిరి. రాగిరేకుపై గీసి ఆమ్లముతో తినిపించి అచ్చొత్తు విద్యలో దేశమునందే అగ్రగణ్యులైరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 2016లో పద్మశ్రీ పొందిరి. కళాశాల మాని చిత్రకారుడైన వాడు కాడు, చిత్రకళకొఱకే కళాశాలకు పోయిన వాడు. పోయిన శతాబ్దపు గోడ అచ్చట కొంత కూలినది.

1972లో జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ మేర్పడి, హైదరాబాదు లలితకళల కళాశాల దానిలో అంతర్భాగమైన పిమ్మట ఇచ్చటి చిత్రకారునకును పట్టము దొరకసాగెను. 2008నుండి ఆ కళాశాల వాస్తుకళకును లలితకళలకును ప్రత్యేకమైన విశ్వవిద్యాలయమున చేరియున్నది.

ఆ సంవత్సరములలోనే పటాన్‌చెరువైపు వేఱొక మార్పు జరిగినది. 1960వ దశకమున రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, 1972లో పటాన్‌చెరున అంతర్జాతీయ పంటల పరిశోధనసంస్థ, పిమ్మట వరుసగా చిన్న పెద్ద కర్మాగారములు. చేయి తిరిగిన బాలురను ఈ ప్రాంతము వెదకి తీసికొన్నది, కాని చిత్రకారులుగా కాదు. ఐ. టి. ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పొంది, ఏటవాలు బల్లపై యంత్రభాగముల గీతలు గీయుటకు తీసికొన్నది. నా బాల్యమిత్రు డొకడు అట్లే పోయెను. మా తరగతిలో వానివలె గుఱ్ఱమును గీయగలవా డెవడును లేడు. మరల వాడు గుఱ్ఱమును గీసినట్లు నేను వినలేదు. ఇప్పుడా బల్లలను సైతము కంప్యూటరు తొలగించినది. సంగారెడ్డి చెంత కందిలో వెలసిన ఐ. ఐ. టి.లో మాత్రము ఇంజనీరింగు శాఖల సరసన రూపకల్పనకు ఒక శాఖ యున్నది. ఇంజనీర్ల కోటలోనికి పెన్సిలు మరల ప్రవేశించినదన్నమాట.

ఆ తండ్రికి జవాబు వ్రాయునప్పుడు ఈ పేర్లన్నియు వ్రాసితిని. బడిపంతులు జీతము సంగతియు దాచక వ్రాసితిని. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షల మాట చెప్పి, మాసాబ్‌ట్యాంకువద్దనున్న లలితకళల విశ్వవిద్యాలయమును ఒకసారి కుమారునితో కూడ వెళ్ళి చూచి రండని కోరితిని. మొన్న మరల ఉత్తరము వచ్చినది. తండ్రీకొడుకు లిద్దఱును పోయి వచ్చిరట. అబ్బాయి ప్రవేశపరీక్షకు పెన్సిళ్ళు చెక్కుకొనుచున్నాడట. ఇంజనీరింగు దరఖాస్తును కూడ తల్లి దగ్గరుండి పెట్టించినదట.