మరియా థెరిసా తాలరు: ముద్రిత వత్సరము, ముద్రణకాలము

నాణెము చేతికి వచ్చినంతనే సంగ్రాహకుడు మొదట చూచునది దానిపైని వత్సరము. శాసనమునందలి శకవర్షమువలెనే నాణెముపైని అంకెలును కాలనిర్ణయమునకు తిరుగులేని ఆధారములని సాధారణాభిప్రాయము. ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు ఐరోపా వెండినాణెములలో మరియా థెరిసా తాలరు చక్కని నిదర్శనము.

తాలరు అను పేరు బొహీమియాలోని యోఆఖిమ్‌స్తాల్ అను గనుల పట్టణమునుండి వచ్చినది. 1520 ప్రాంతమున ష్లిక్ వంశపు ప్రభువులు అచటి వెండితో పెద్ద నాణెములను ముద్రింపించిరి. జనులు వానిని ఊరిపేరుతో యోఆఖిమ్‌స్తాలరులనియు, పిమ్మట క్లుప్తముగా తాలరులనియు వ్యవహరించిరి. నేటి డాలరు శబ్దమునకును ఇదియే మూలము.

ఆస్ట్రియాను 1740 మొదలు 1780 వరకు పాలించిన మరియా థెరిసా పేర వెలువడిన తాలరు 1753లో బవేరియాతో కుదిరిన ఒడంబడిక ననుసరించి ఏర్పడినది. దాని తూకము 28 గ్రాములకు కొంచె మెక్కువ. అందు ఆరింట ఐదు వంతులు మేలి వెండి. బొమ్మవైపున రాణి మూర్తియు, బొరుసువైపున రెండు తలల గ్రద్దయు, అంచున న్యాయమును దయను పేర్కొను లాటిను వాక్యమును గలవు. రాణి 1780 నవంబరు 29న మరణించెను. అప్పటికే ఎఱ్ఱసముద్రతీరపు వర్తకులు ఈ నాణెమునకు అలవాటుపడియుండిరి. వేఱొక ముఖము, వేఱొక వత్సరము గల నాణెమును వారు నమ్మరైరి. కావున వర్తకమునకై ఆ బొమ్మతోడనే, ఆ 1780 అను అంకెతోడనే ముద్రణము సాగినది.

ఆస్ట్రియాలో 1858లో దీని చెల్లుబడి తొలగినను, అరేబియా, అబిసీనియాలలో తొలగలేదు. 1867-68లో బ్రిటిషు సేనాని నేపియరు అబిసీనియాపై దండెత్తినపుడు అచటి కొనుగోళ్లకు వియన్నానుండి తాలరులనే తెప్పింపవలసి వచ్చెను. మన స్త్రీలు కాసుల పేరు ధరించినట్లే, ఆ దేశముల స్త్రీలు ఈ నాణెములను ఆభరణములలో కూర్చి ధరించిరి. 1935లో ముస్సోలినీ ప్రభుత్వము ఆస్ట్రియానుండి అచ్చులను సంపాదించి రోములో ముద్రణ మారంభించెను. అంతట లండను, పారిసు, బ్రస్సెల్సు టంకశాలలును పూనుకొనినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున బొంబాయి టంకశాలయు ఈ తాలరును ముద్రించినది. వియన్నాలో ఇప్పటికిని ముద్రణ జరుగుచునే యున్నది. అన్నిటిపైని వత్సర మొక్కటియే: 1780.

అట్లయిన మొదటి ముద్రణములను గుర్తించు టెట్లు? రాణి మూర్తి క్రింద ఎస్, ఎఫ్ అను రెండక్షరములు కానవచ్చును. అవి గ్యూంజ్‌బుర్గు టంకశాలాధికారులైన షోబ్ల్, ఫాబీల పేళ్ల తొలి అక్షరములు. ఆ టంకశాల 1805లో మూతపడినను తరువాతివారు ఈ అక్షరములనుగూడ యథాతథముగ చెక్కించిరి. కనుక ఇవియు చాలిన సాక్ష్యము కావు. భుజముపైని పతకపు ఆకృతి, ముత్యముల అమరిక, గ్రద్ద తోకయీకలు, అంచునందలి అలంకారములు: వీనినన్నిటిని సరిపోల్చినగాని ఏ టంకశాలదో, ఏ కాలమునదో తెలియదు.

ఇట్టి స్థితి మన దేశమునకు క్రొత్త కాదు. ఈస్టిండియా కంపెనీవారి చెన్నపట్టణపు ఆర్కాటు రూపాయలపై రెండవ ఆలంగీరు పేరును, హిజరీ 1172 అను వత్సరమును గలవు. ఆ పాదుషా 1759లో హతుడయ్యెను. ఆ ముద్రగల రూపాయలు పందొమ్మిదవ శతాబ్దిలోను వెలువడినవి. తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి ఈ చిక్కు పరిచితమే. మాతృకలోని తేదీని లేఖకుడు ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసినచో, అది మాతృకకే గాని ప్రతికి చెల్లదు. ప్రతి కాలమును లిపియు, ఆకును చెప్పవలసినదే.

నిక్షేపమునం దొక తాలరు దొరికినచో, ఆ నిక్షేపము 1780కి పూర్వము పాతినది కాదని మాత్రమే చెప్పవచ్చును. అంతకుమించి చెప్పుటకు దొరికిన చోటు, తోడి నాణెములు, అరుగుదల ఆధారములు. సంగ్రాహకుడు మెఱుగునకై తోమినపుడు అరుగుదల సాక్ష్యము నశించును. కొలికిని ఊడదీసినపుడు అది ఆభరణమై మెలగిన చరిత్ర తుడిచిపోవును. చోటు వ్రాసికొననపుడు తక్కినదియు పోవును. అపుడు మిగులునది వెండియు, ఒక వత్సరమును; ఆ వత్సరమును నమ్మదగినది కాదు. కావున నాణెమును సేకరించుటకంటె దాని వెంట వచ్చిన వృత్తాంతమును సేకరించుట సంగ్రాహకుని మొదటి విధి.