డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ పరిచర్య

మిషనరీ అనగానే మనకు ఆదివారపు వేదికే గుర్తొస్తుంది. మిగిలిన ఆరు దినాల మాటేమిటి?

స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్ గారితో 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఇంకా లేని రోజులవి. హిందువైన నర్సాగౌడ్ గారి విరాళం తోడుకాగా, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. తరువాతి ఏళ్లలో అక్కడి ముఖ్య వైద్యం హిడ్నోకార్పస్ గింజల నూనె సూదిమందు. ఒక్కసారి వేస్తే చాలదు. నెలల తరబడి, విడవకుండా వేయాలి. ఊరు దూరం పెట్టినవారికి వారం వారం దగ్గరగా ఉండడమే ఆ పరిచర్య. 1932లో ఆమె ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, దూరదేశాల్లో సేవచేసే మన యౌవనస్థుల వారాలూ ఇలాంటివే. ఎందరు మారారని అడిగేముందు, ఈ వారం ఎలా గడిచిందని అడుగుదాం.