విల్లు గోడకెక్కిన కథ

మాది ముదిగొండ. పత్తి, మిర్చి చేల ఊరు. ఖమ్మం దాటి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్తుంటే అడవి మొదలవుతుంది. భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలో ఓ గిరిజన మ్యూజియం ఉంది. కోయల, కొండరెడ్ల ఇళ్ళు, పనిముట్లు, నగలు, వాయిద్యాలు, వాటితో పాటు విల్లంబులు.

వేట సామాను దగ్గర జనం ఒకేలా స్పందించరు. నగరం నుంచి వచ్చిన మాలాంటివాళ్ళం ఫొటో తీసుకుంటాం. ఏజెన్సీ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి అందులో వింతేమీ కనపడదు. చదువుకుంటున్న ఆదివాసీ కుర్రాళ్ళది ఇంకో బాధ: తమని వేటగాళ్ళుగా చూపిస్తే మిగతా జనం ఆటవికుల కింద జమకడతారని. వన్యప్రాణుల మీద ప్రేమ ఉన్నవాళ్ళకి అసలు వేటని మురిపెంగా చూపించడమే నచ్చదు. ఎవరి మాటనీ కొట్టిపారేయలేం. కానీ ఆ విల్లు గోడ మీదకి ఎలా చేరిందో తెలిస్తే, ఈ మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.

మొదటి సంగతి, ఇక్కడి బతుకు ఒక్క వేట మీద ఆధారపడింది కాదు. 1940ల్లో గోదావరి ఒడ్డు కొండల్లో తిరిగిన హైమెండార్ఫ్, కొండరెడ్ల మీద 1945లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో కనిపించేది ప్రధానంగా పోడు, జీలుగు కల్లు, దుంపలు, అటవీ ఫలసాయం. కోయలైతే వ్యవసాయదారులు. వాళ్ళకి వేట తిండి కోసమే కాదు, పండగ కోసం కూడా. విత్తనాలు చల్లేముందు చేసే భూమి పండగలో మగవాళ్ళు వేటకి వెళ్తారు. వేట దొరికితే ఊరంతా పంచుకుంటారు, ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. అంటే అది వ్యవసాయ పంచాంగంలో ఒక రోజు.

రెండోది, ఆ రోజుల్లో పెద్ద వేటగాళ్ళు వేరే ఉన్నారు. అప్పట్లో గోదావరికి పడమటి ఒడ్డు నిజాం రాజ్యం. దొరలకీ నవాబులకీ షికారు అంటే దర్జా. 1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యంలో పులిని చంపి, భార్యతో కలిసి నిలబడితే రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటో ఇవాళ్టికీ చలామణిలో ఉంది.

తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. రావాల్సిందే, అప్పటికే పులులు తరిగిపోయాయి. కాకపోతే దాని బరువు అందరి మీదా సమానంగా పడలేదు. గోడకి తగిలించిన పులి తల ఉన్న దొర, ఉందని ప్రకటించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్ని ఉంచుకోవచ్చు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టడం మాత్రం నేరం. 1977 నుంచి పాల్వంచ పక్కనున్న కిన్నెరసాని అభయారణ్యమే. నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కులకి అదే చట్టంలో మినహాయింపు ఉంది, మన ఏజెన్సీకి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కుల్ని ఒక్కొక్కటిగా గుర్తిస్తూ వచ్చి, సంప్రదాయ వేటని మాత్రం పేరుపెట్టి మరీ పక్కన పెట్టింది.

ఇందులో ఇరుకు ఎక్కడుందో కొమ్ము నృత్యం దగ్గర బాగా తెలుస్తుంది. మంత్రులొస్తే, అధికారులొస్తే కోయ కళాకారులు అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని డోలు వాయిస్తూ ఎదురెళ్తారు. అడవిదున్న ఒకటో షెడ్యూల్ జంతువు. కొత్త కొమ్ము కోసం వేటాడితే జైలు. పాత కొమ్ములు అరిగే కొద్దీ ఆ నృత్యం ఏం కట్టుకోవాలి? కళని స్వాగత సభలకి పిలిచేవాళ్ళు ఈ ప్రశ్నకి జవాబు ఆలోచించాలి కదా.

వేటని మళ్ళీ తెరవమని నేననడం లేదు. ఇప్పుడు తెలంగాణ అడవుల్లో జంతువుల్ని చంపుతున్న కరెంటు తీగలకి పులులూ బలవుతున్నాయి, మనుషులూ పోతున్నారు. అది పండగా కాదు, సంప్రదాయమూ కాదు, మాంసం వ్యాపారం. చూసేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి, పక్కనే కనిపించే ఆదివాసీ మీద వేలెత్తడం తేలిక. ఆ కుర్రాళ్ళ భయం అందుకే ఉత్త మొహమాటం కాదు.

మ్యూజియంలో వస్తువు దేనికి పనికొస్తుందో చెబితే సగం పని అయినట్టే. మిగతా సగం, అది ఎప్పుడు పనికి రాకుండా పోయింది, ఎవరి చట్టం వల్ల, ఆ చట్టం దొర గోడని ఎలా చూసింది, కోయవాడి గోడని ఎలా చూసింది అన్నది. విల్లు పక్కన 1972, 2006 అని రెండు సంవత్సరాలు, నాలుగు వాక్యాలు, తెలుగులోనూ కోయలోనూ రాసి పెడితే చాలు. ఫొటో తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఆగి చదువుతారు.