మన తీరమునకు వచ్చిన రాజధానులు

రానున్న వేసవిలో మా కుటుంబము మొదటిసారి ఐరోపా యాత్రకు బయలుదేరవలెనని సంకల్పించినది. మా కుమారుడు శ్రీహరికోట అంతరిక్ష కేంద్రమున ఉద్యోగి. వాడు, కోడలు, పదకొండేండ్ల మనుమరాలు, నేను, నా భార్య - మొత్తము ఐదుగురము. సెలవు పదునైదు దినములు. ఖర్చు పెట్టగల సొమ్మునకును ఒక హద్దు ఉన్నది. కోడలికి పారిస్ చూడవలెనని కోరిక; కుమారునికి లండను; నా భార్యకు చలి లేని యూరు ఏదైనను సరే. మనుమరాలు పటమును నేలపై పరచి, నగరములన్నింటి మీదను వ్రేలు త్రిప్పుచు, "తాతయ్యా, ముందు ఏ ఊరికి పోదాం?" అని నన్నడిగినది. ముప్పదియేండ్లు పాఠశాలలో చరిత్ర చెప్పినవాడను గనుక నిర్ణయము నాపై పడినది.

యాత్రికుల కొరకు వ్రాసిన పుస్తకములు కొన్ని తిరుగవేసితిని. వాటిలో సూచించిన క్రమము రైలు మార్గములను, బసలను బట్టి ఏర్పడినది. అది తప్పు కాదు. కాని శ్రీహరికోట నుండి బయలుదేరు కుటుంబమునకు మరియొక క్రమము కలదని నాకు తోచినది. మనము చూడబోవుటకు నన్నూరేండ్లకు పూర్వమే ఈ రాజధానులు మనలను చూడవచ్చినవి. అవి ఏ వరుసలో మన తీరమునకు వచ్చినవో, ఆ వరుసలోనే మనము వాటి యింటికి పోవుట ఉచితము గదా!

శ్రీహరికోట ఒక దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు. ఈ సరస్సునే మనవారు ప్రళయకావేరి యందురు. సరస్సు దక్షిణపు కొనయందు, అది సముద్రముతో కలియు చోట, పులికాటు పట్టణమున్నది; అది నేడు తమిళనాడులో చేరినది. దీవికి ఉత్తరముగా నెల్లూరు తీరమున దుగరాజపట్నమున్నది; దానినే ఇంగ్లీషువారు తమ వ్రాతలలో ఆర్మగాన్ అనిరి. ఈ రెండు రేవుల నడుమనే మన దీవి. ఐరోపావారి కథలో పెద్ద భాగము ఈ కొద్దిపాటి తీరముననే నడచినది.

మొదట వచ్చినవారు పోర్చుగీసువారు. మన పెద్దలు వారిని బుడతకీచులనిరి. వాస్కోడిగామా 1497లో లిస్బను నుండి బయలుదేరి, 1498లో కాలికట్టు చేరెను. తరువాత 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులు మైలాపూరు వద్ద సాంతోములోను, పులికాటులోను నెలకొనిరి. పులికాటు అప్పుడు విజయనగర సామ్రాజ్యపు రేవు. అచ్చటి నుండి రంగుబట్టలు మలక్కాకు ఎగుమతి యగుచుండెను. లిస్బను నగరమున బెలెం అను తీరభాగములో జెరోనిమోస్ మఠము కలదు. దాని నిర్మాణమునకు తూర్పుదేశపు వర్తకముపై వచ్చిన సుంకము కొంత వినియోగింపబడెను. గామా సమాధియు అందే యున్నది.

"మన యింట్లో కూడా బుడతకీచులున్నారమ్మా" అని మనుమరాలితో అంటిని. ఆమె నమ్మలేదు. అలమార చూపితిని, చొక్కా బొత్తాము చూపితిని, తువాలు, ఇస్త్రీ, పీపా అని వరుసగా చెప్పితిని. ఈ మాటలన్నియు పోర్చుగీసు భాష నుండి మన యిండ్లలోనికి వచ్చి, తిరిగి పోక నిలిచినవే. ఆమె వాటిని పుస్తకములో వ్రాసికొని, లిస్బను అంగళ్ళలో ఒక్కొక్కటిగా అడిగి చూచెదనన్నది. నాలుగు గోడల నడుమ ఇంత చరిత్ర ఉన్నదని ఆమెకు తెలిసినంతనే మా యాత్ర మొదలైనదని నాకనిపించినది.

రెండవవారు హాలెండువారు, మనవారి నోట ఒలందులు. 1602లో వారి ఈస్టిండియా కంపెనీ ఏర్పడినది. 1605లో మచిలీపట్టణమునకును, 1610లో పులికాటునకును వచ్చిరి. వేంకటపతిరాయలు వారికి అనుమతి నిచ్చెను. పోర్చుగీసువారు దాడిచేయగా, 1613లో వారు గెల్డ్రియా అను కోటను కట్టుకొనిరి. 1690లో నాగపట్టణమునకు మారువరకు కోరమండల తీరమంతటికిని పులికాటే వారి ముఖ్యస్థానము.

వారికి కావలసినవి జాజికాయ, లవంగము మొదలైన సుగంధ ద్రవ్యములు. అవి పండు దీవులవారికి వెండికంటె మన బట్టలపై మక్కువ యెక్కువ. కనుక ఇచ్చటి బట్టలు కొని, అచ్చట సుగంధ ద్రవ్యములకు మార్చి, వాటిని ఆమ్‌స్టర్‌డాముకు చేర్చి లాభము గడించిరి. ఆ బట్టల విలువకు కారణము రంగు. మన సముద్రతీరపు ఇసుక నేలలలో పెరుగు చిరివేరు నుండి ఎరుపును, పటికతో దానిని బట్టపై నిలుపు నేర్పును మన అద్దకపువారు ఎరుగుదురు. ఉతికినకొలది ఆ ఎరుపు మెరుగెక్కునని ప్రసిద్ధి. ఆ విద్యకు దగ్గరి చుట్టము నేటికిని మనకు సమీపమున శ్రీకాళహస్తిలో కలము పట్టి బ్రతుకుచున్నది.

అయితే ఆ ఓడలు బట్టలను మాత్రమే మోయలేదు. 17వ శతాబ్దపు కరవు కాలములలో ఈ తీరపు జనులను వేలకొలదిగ బానిసలుగా కొని, పులికాటు మొదలైన రేవుల నుండి బటావియాకు, అనగా నేటి జకార్తాకు, పంపిరి. తిండి లేక తమ్మును తాము అమ్ముకొన్నవారు, బిడ్డల నమ్ముకొన్నవారు వారిలో కలరు. ఈ సంగతి మనుమరాలికి చెప్పవలెనా, మానవలెనా అని మా యింట రెండు దినములు వాదము జరిగినది. "చిన్నపిల్ల మామయ్యా, సంతోషంగా చూసి రానివ్వండి" అని కోడలి అభిప్రాయము. ఆ మాటలోను న్యాయమున్నది. కాని ఆమ్‌స్టర్‌డాము కాలువల వెంట నిలిచిన ఆ యందమైన మేడలను మాత్రమే చూచి, "వాళ్ళెంత గొప్పవాళ్ళు, మనమెంత పేదవాళ్ళం" అని బిడ్డ తిరిగి వచ్చినచో, ఆ సంతోషము వెల కొంచెము ఎక్కువే యగును. నా బాల్యమున నేనును అట్లే అనుకొన్నవాడను. ఆ చిన్నతనము నన్ను విడుచుటకు చాల యేండ్లు పట్టినది.

తుదకు ఒక మాటకు వచ్చితిమి. యాత్రలో మొదటి మజిలీ ఐరోపాలో కాదు, పులికాటులోనే. గడచిన ఆదివారము అందరమును సూళ్ళూరుపేట, పొన్నేరి మీదుగా అచ్చటికి పోయితిమి. గెల్డ్రియా కోట ఉన్న చోట నేడు పొదలు మూసికొనియున్నవి. సమీపమున ఒలందుల శ్మశానవాటిక మాత్రము పురాతత్త్వశాఖ రక్షణలో నిలిచియున్నది. ద్వారమునకు ఇరుప్రక్కల రాతితో చెక్కిన అస్థిపంజరములు. లోపల వంశచిహ్నములతో, పేర్లతో, తేదీలతో పెద్ద పెద్ద సమాధి రాళ్ళు. అచ్చటనే మనుమరాలికి బానిసల మాట చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "వాళ్ళ పేర్లు కూడా రాశారా తాతయ్యా?" అని యడిగినది. వారు ఓడల లెక్కలలో సంఖ్యలుగా కనబడుదురని చెప్పితిని. కోడలు బిడ్డ చేయి పట్టుకొన్నది, నన్ను వారింపలేదు. ఒలందుల కంపెనీ కాగితములు హేగ్ నగరపు జాతీయ పత్రాలయమున భద్రముగ నున్నవి. హేగ్ రాజధాని కాకపోయినను, ఆమ్‌స్టర్‌డాము నుండి రైలులో గంట దూరము. ఒక పూట ఆ భవనము ముందరనైన నిలువవలెనని మనుమరాలే కోరినది.

మూడవవారు ఇంగ్లీషువారు. 1611లో మచిలీపట్టణమున దిగిరి. పులికాటులో ఒలందులతో పొసగక, 1626లో దుగరాజపట్నమున వర్తకస్థానమును నెలకొల్పి, ఫిరంగులతో దానిని బలపరచుకొనిరి. కోరమండల తీరమున వారి మొదటి కోట అదియే. కాని అచ్చట వారికి మంచి బట్ట చౌకగా దొరకలేదు. ఆ వర్తకస్థానపు అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణమున వేరొక చోటు వెదకెను. తెలుగు నాయకుడైన దామెర్ల వేంకటాద్రి 1639లో వారికి ఒక తీరగ్రామమున కోట కట్టుకొన అనుమతి నిచ్చెను. మరుసటియేట వారు దుగరాజపట్నమును విడిచి అక్కడ చేరిరి. నాయకుని తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్టణమయినది అదియే. మన తీరగ్రామమున బట్ట చౌకగా దొరకియుండినచో చెన్నపట్టణ చరిత్ర ఎట్లుండెడిదో!

లండనులో తెలుగు కుటుంబము తప్పక చూడవలసిన స్థలములు మూడు. బ్రిటిష్ మ్యూజియమున అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పములు నూటికి పైగా కలవు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్ళు 1859లో లండనుకు పంపబడెను. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున మన తీరపు అద్దకపు బట్టలు కలవు. కెన్సల్ గ్రీన్ శ్మశానమున, తెలుగు గ్రంథములను చెదల నోటి నుండి కాపాడిన బ్రౌను దొర సమాధి కలదు. ఆయన 1884లో లండనులో మరణించెను. తీసికొనిపోయిన చేయియు, కాపాడిన చేయియు ఒకే నగరమునకు చెందినవి. బిడ్డలకు రెండును చూపవలెను.

తరువాత వచ్చినవారు డేన్మార్కువారు, పరాసులు. తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయముగ తెలుగు కవి, 1620లో డేనులకు తరంగంబాడిలో చోటిచ్చెను. ఆయన బంగారు రేకుపై వ్రాయించి పంపిన లేఖ నేటికిని కోపెన్‌హేగెన్ పత్రాలయమున నున్నది. పరాసుల సంగతి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును, బుస్సీ ఫిరంగులను మన పల్లెలు నేటికిని పాడుకొనుచున్నవి. ఆ బొబ్బిలి సంస్థానపు రాజే 1893లో ఐరోపాకు పోయి, తన ప్రయాణపు దినచర్యను గ్రంథముగ ప్రకటించెను.

మనవారిలో ముందుగా పోయినవారిని తలచుకొనక బయలుదేరుట తగదు. పోతం జానకమ్మ అను తెలుగు గృహిణి భర్తతో కూడ ఇంగ్లండుకు పోయి, చూచిన విశేషములను తెలుగున వ్రాసి, తానే ఇంగ్లీషు చేసి, 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అను పేర 1876లో మద్రాసులో ప్రకటించినది. సముద్రయానము చేసినవారిని వెలివేయు దినములవి. ఆమెకు అడ్డమైనది ఆచారము. నేడు మనకు అడ్డమైనవి కాగితములు మాత్రమే.

ఆ కాగితముల సంగతియు రెండు మాటలు. పోర్చుగల్, హాలెండు, ఫ్రాన్సు, డేన్మార్కు దేశములకు షెంజెన్ అను ఒకే వీసా చాలును. ఏ దేశమున ఎక్కువ దినములుందుమో ఆ దేశమునకే దరఖాస్తు చేయవలెను. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు తీసికొందురు. పదునైదు దినములకంటె ఆలస్యము కారాదు. తిరిగి వచ్చు తేదీ దాటిన పిమ్మట మూడు నెలలైనను పాస్‌పోర్టు చెల్లుబడి కావలెను. ముప్పదివేల యూరోలకు తక్కువ కాని వైద్య బీమా ఉండవలెను. బ్రిటనుకు వేరుగ వీసా కావలెను. నాటి ఓడ ఐరోపా చేరుటకు ఆరు నుండి ఎనిమిది నెలలు పట్టెడిది. అక్టోబరు తుపానులకు ముందే ఈ తీరమును విడువవలసి వచ్చెడిది. దానితో పోల్చిన మన కష్టమెంత!

తుదకు మా నిర్ణయమిది. లిస్బను మూడు దినములు, ఆమ్‌స్టర్‌డాము నాలుగు, పారిస్ మూడు, లండను ఐదు. ఆమ్‌స్టర్‌డాము నుండి పారిస్‌కు, పారిస్ నుండి సముద్రగర్భపు సొరంగములో లండనుకు, రైలు ప్రయాణము. పారిస్ వరుస తప్పినమాట నిజమే. దారిలో నున్నది, కోడలి కోరికయు నున్నది, చరిత్ర కొంత సర్దుకొనవలెను. కోపెన్‌హేగెన్ మాత్రము మరియొక పర్యాయమునకు విడిచితిమి. హాలెండులోనే ఎక్కువ దినములు గనుక వీసా దరఖాస్తు వారికే.

పులికాటు నుండి తిరిగి వచ్చుచుండగా, సరస్సుపై వేసిన రోడ్డు మీద మా కుమారుడు కారు నాపి, బిడ్డకు తన వంతు చరిత్ర చెప్పెను. 1974 ఒప్పందము ప్రకారము మన ఇంజనీర్లు ఫ్రాన్సునకు పోయి వైకింగ్ యంత్రముపై పనిచేసిరి. దాని నుండి పుట్టిన వికాస్ యంత్రమే నేడు ఇచ్చటి నుండి లేచు పి.ఎస్.ఎల్.వి. రెండవ అంచెను నడుపుచున్నది. 2008 ఏప్రిల్ 28న ఒకే రాకెట్టుపై హాలెండులోని డెల్ఫ్ట్ విద్యార్థుల ఉపగ్రహమును, డేన్మార్కు విద్యార్థుల ఉపగ్రహమును ఈ దీవి నుండి పైకి పోయినవి. 2012లో ఫ్రాన్సు ఉపగ్రహము, 2015లో బ్రిటను ఉపగ్రహములు పోయినవి. బట్టల కొరకు వచ్చిన దేశములే ఉపగ్రహములతో మరల ఇదే తీరమునకు వచ్చినవి. ఈసారి ఒప్పందము ఇరుపక్షముల ఇష్టముతో జరిగినది.

మనుమరాలు పుస్తకము తెరచి, అలమార, బొత్తాము, తువాలు అని వ్రాసికొన్న పుటకు ఎదురు పుటలో ఈ సంవత్సరములను వ్రాసికొన్నది. వాటి క్రింద, తేదీ లేకుండ, "పులికాటు - పేర్లు లేనివాళ్ళు" అని ఒక వరుస చేర్చినది. నేను దిద్దవలసినదేమియు కనబడలేదు. ఆ పుస్తకమును పాస్‌పోర్టులతో కలిపి ఒకే సంచిలో భద్రపరచితిమి.