శూల్యం, ధూమం: మాంసపాకంలో రెండు సంప్రదాయాలు

అధికార పర్యటన మీద కొత్త పట్టణానికి వెళ్ళిన ఉద్యోగి, సాయంత్రం పని ముగిశాక అతిథి గృహం కావలివానినో జీపు డ్రైవరునో తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఊళ్ళో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది? అడిగినవాడు మాంసాహారి అయితే లక్నోలో చౌక్ వైపు, ఢిల్లీలో జామా మసీదు వైపు, హైదరాబాదులో చార్మినార్ వైపు దారి చూపిస్తారు. చాలా ఏళ్ళుగా ఈ వ్యాసకర్త ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. సమాధానాలన్నీ బజారుకే తీసుకువెళ్ళాయి. ఒక్క కోహిమాలో మాత్రం డ్రైవరు కాసేపు ఆలోచించి, అది హోటల్లో తినవలసింది కాదండీ అని తన మేనమామ ఇంటికి తీసుకువెళ్ళాడు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. దాని వెనుక ఈ ఉపఖండపు ఆహార చరిత్ర ఉంది.

నిప్పును నేరుగా ఆశ్రయించి మాంసాన్ని సిద్ధం చేసే పద్ధతులు ప్రధానంగా రెండు. ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల సెగపై కాల్చి, వేడివేడిగా తినేది మొదటిది. సంస్కృత వైద్యగ్రంథాలు దీనిని శూల్యమాంసం అన్నాయి. పొయ్యికి ఎత్తుగా వేలాడదీసి, రోజుల తరబడి పొగలో ఆరనిచ్చి, నెలల పాటు నిలవ ఉంచేది రెండవది. మొదటిది విందు కోసం, రెండవది కరువు రోజుల కోసం. మొదటిదానికి గ్రంథస్థ చరిత్ర ఉంది. రెండవదానికి దాదాపు లేదు.

కాల్చిన మాంసం చరిత్ర చాలా పాతది. రాజస్థాన్‌లోని కాళీబంగన్‌లో, హరప్పా నాగరికత నాటి పొరల్లో, తందూరును పోలిన పొయ్యిలు బయటపడ్డాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాగరికుని విధులను చెప్పే ప్రకరణంలో పాక్వమాంసికుడు, అంటే వండిన మాంసం అమ్మేవాడు, కనిపిస్తాడు. కల్లు అమ్మేవారు, అన్నం అమ్మేవారితో పాటు ఇతడు కూడా తనకు బాగా తెలిసినవారికి మాత్రమే బస ఇవ్వవచ్చునని నియమం. అంటే ఆనాటికే బజారులో మాంసం అమ్మే అంగడి ఉంది, దానిపై ప్రభుత్వానికి ఒక కన్నూ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై కూడా చెక్కించిన అశోకుని మొదటి శిలాశాసనం మరొక కోణం చూపుతుంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షలాది ప్రాణులు చంపబడేవని, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక మాత్రమేనని, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదని, ముందుముందు అవీ ఉండవని ఆ శాసనం చెబుతుంది. వంటింటి లెక్క రాతికెక్కిన అరుదైన సందర్భమిది.

ఈ విషయంలో అత్యంత వివరమైన గ్రంథం మనకు దగ్గరలోనే పుట్టింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రచించిన మానసోల్లాసం నూరు అధ్యాయాల విజ్ఞాన సర్వస్వం. నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ ఆయన రాజధాని. తెలంగాణలోని కొలనుపాక ఆ రాజ్యంలో ముఖ్య కేంద్రం. ఈ గ్రంథంలోని అన్నభోగ ప్రకరణం, మాంసపు ముక్కలకు సంభారాలు పట్టించి శూలాలకు గుచ్చి నిప్పులపై కాల్చే భడిత్రకాన్ని వర్ణిస్తుంది. పందిని వండేముందు వేడినీళ్ళు పోసి గాని, గడ్డిమంటలో కమిలించి గాని రోమాలు తొలగించే పద్ధతిని చెబుతుంది. నదీతీరపు ఎలుకలను కాల్చడాన్ని కూడా విడిచిపెట్టదు. చక్రవర్తి భోజనాన్ని చెప్పే గ్రంథంలో అడవి వంటలకు చోటు దక్కడం గమనార్హం. తలకాయనూ కాళ్ళనూ మంటపై కమిలించి గీకి శుభ్రం చేసే పద్ధతి నేటికీ మన ఊళ్ళలో ఉన్నదే.

మొగలుల కాలానికి వచ్చేసరికి వంటశాల కూడా ఒక ప్రభుత్వ శాఖ అయింది. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో కబాబుకు పది సేర్ల మాంసానికి అర సేరు నెయ్యి అని కొలతలతో సహా లెక్క రాశాడు. ఆ కొలువుల వంట తరువాతి కాలంలో వీధికి దిగింది. లక్నోలో టుండే కబాబీ అంగడి 1905లోనూ, ఢిల్లీలో జామా మసీదు చెంత కరీమ్ హోటలు 1913లోనూ మొదలయ్యాయి. దేశవిభజన మరొక మలుపు. పెషావరు నుండి తరలివచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్ ప్రభృతులు 1947లో ఢిల్లీ దరియాగంజ్‌లో మోతీమహల్ ప్రారంభించారు. వాయవ్య సరిహద్దు తందూరు అక్కడి నుండి దేశమంతటికీ విస్తరించింది. ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చినవారికి తమ పొయ్యి బతుకుతెరువైంది. హైదరాబాదు వారు చువ్వను కూడా పక్కన పెట్టి, కింద నిప్పులు పోసి కాచిన నల్లరాతి పలకపై పత్తర్ కా గోష్త్ చేశారు. దక్కన్ పీఠభూమి శిలలతో నిండిన నేల కావడం ఇక్కడ వంటకు కలిసివచ్చింది.

ఇంతవరకు కథ సాఫీగా సాగుతుంది. గ్రంథం, శాసనం, దర్బారు లెక్క, అంగడి పేరు, సంవత్సరం అన్నీ దొరుకుతాయి. పొగ సంప్రదాయం దగ్గరకు రాగానే ఈ ఆధారాలు తెగిపోతాయి. ఉన్నవాటిలో ఇబన్ బతూతా రాసినది ఒకటి. 1343-44లో మాల్దీవులలో ఉన్న ఆ యాత్రికుడు అక్కడి చేపను గురించి రాశాడు: ముక్కలుగా కోసి, కొద్దిగా ఉడికించి, తాటాకు బుట్టల్లో పెట్టి పొగలో వేలాడదీస్తారు. బాగా ఎండినది ఇండియాకు, చైనాకు, యెమెన్‌కు ఎగుమతి అవుతుంది. నేటికీ శ్రీలంక వంటింట్లో ఉంబలకడ పేరుతో ఆ చేప తప్పనిసరి. పొగబెట్టిన ఇతర పదార్థాల ఊసెత్తని చరిత్ర దీనిని మాత్రం ఎందుకు నమోదు చేసింది? అది ఓడెక్కింది గనుక. రాజుగారి పళ్ళెంలోకో, వర్తకుని మూటలోకో చేరినదాన్ని రాయసగాళ్ళు రాశారు. ఇంటి అటక మీదనే ఉండిపోయినదాన్ని రాయలేదు.

ఆ రాయని చరిత్ర ఈశాన్యంలో సజీవంగా ఉంది. సంప్రదాయ నాగా ఇంట్లో పొయ్యి గది మధ్యన ఉంటుంది. దాని పైన వెదురు తడికలు ఒకదానిపై ఒకటిగా వేలాడుతుంటాయి. వాటి మీద వడ్లు ఆరుతాయి, పంది మాంసం ముక్కలు పొగ తాగుతూ నల్లబడతాయి. పొగ మాంసంలోని తడిని లాగివేస్తుంది. అందులోని ఫినాల్ వంటి రసాయనాలు సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి, కొవ్వు కారు వాసన రాకుండా కాపాడతాయి. అదే మాంసం తెగను బట్టి వేరు రుచి పొందుతుంది. సుమీ నాగాలు పులియబెట్టిన సోయా గింజల అఖునితో వండితే, ఆవో నాగాలు పులియబెట్టి ఎండబెట్టిన చేమాకుల అనిషితో వండుతారు. 2000లో మొదలైన హార్న్‌బిల్ ఉత్సవంలో, ఏటా డిసెంబరు తొలి పది రోజులు, కిసామాకు వెళ్ళినవారు వీటిని రుచి చూడవచ్చు. నేపాల్‌లో నేవారులు గడ్డిమంటలో కాల్చిన గేదె మాంసాన్ని ఆవనూనెతో కలిపి ఛోయిలా చేస్తారు. అక్కడే పొయ్యిపై ఎండిన సుకుటి కూడా దొరుకుతుంది. కాల్చడం, పొగబెట్టడం రెండూ ఒకే వంటింట్లో కలిసే చోటు అది.

కోహిమాలో ఆ మేనమామ ఇంట్లో తడికలను చూస్తున్నప్పుడు ఈ వ్యాసకర్తకు ఒక పాత సంఘటన జ్ఞాపకం వచ్చింది. అది 2017. ఉజ్వల పథకం వచ్చి ఏడాది దాటింది. గోదావరి ఏజెన్సీలోని ఒక చిన్న గూడెంలో గ్యాస్ పొయ్యిలు ఇస్తున్నాం. పొగ వల్ల కంటికీ ఊపిరితిత్తులకూ కలిగే కీడును వివరించి చెప్పాను. అంతా విన్న ఒక ముసలమ్మ, తన పొయ్యి పైని దండెం చూపించి, “పొగ లేకపోతే ఈ కండలు, చేపలు ఏడ ఆరబెట్టాల బాబూ? విత్తనాలకు పురుగు పడదా?” అని అడిగింది. దండెం మీద ఎండు కండలు, చేపలు ఉన్నాయి. పక్కన మొక్కజొన్న కంకులు వేలాడుతున్నాయి. “అవ్వా, ఇక వాటి అవసరం ఉండదులే” అని నవ్వి ఊరుకున్నాను. లబ్ధిదారులకు అభ్యంతరాలేవీ లేవని నివేదికలో రాశాను.

ఆ నివేదికలో అబద్ధం లేదు. అయితే ఆమె అడిగినది అభ్యంతరం కాదు, ప్రశ్న. దానికి నివేదికలో గడి లేదు. చరిత్ర చదివిన మనిషిని, నేను కూడా రాయసగాళ్ళ బాటనే నడిచాను.

పొగ పొయ్యి ఉండాలని ఎవరూ కోరరు. ఆ పొగ తాగినవారు స్త్రీలే. కళ్ళు పోగొట్టుకున్నవారూ వారే. కాని పొయ్యితో పాటు పోతున్నదేమిటో తెలుసుకొని సాగనంపడం వేరు, తెలియకుండా పారవేయడం వేరు. ఏ కట్టె పొగ చేదెక్కిస్తుంది, దండెం ఎంత ఎత్తున కట్టాలి, ముసురు రోజుల్లో ఎన్నాళ్ళు ఉంచాలి అన్న జ్ఞానం కాగితం మీద లేదు. మనం పంచిన పొయ్యిల సంఖ్య దస్త్రాల్లో భద్రంగా ఉంది. వాటి కింద ఆరిన పాత పొయ్యిల జ్ఞానానికి ఒక దస్త్రం తెరవడం సాంస్కృతిక శాఖలకూ, గిరిజన పరిశోధనా సంస్థలకూ కష్టమైన పని కాదు. దానికి కావలసినది వంట తెలిసిన వృద్ధురాలి పక్కన ఒక పూట కూర్చునే ఓపిక.

ఇటీవల మళ్ళీ ఆ గూడెం మీదుగా వెళ్ళవలసి వచ్చింది. ఆమె లేదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, దండెం లేదు. విత్తనాలు ఎక్కడ దాస్తున్నారని కోడలిని అడిగాను. “కొనుక్కుంటున్నాం బాబూ” అంది.