ఖాసిద్ చేతిలో తాళం చెవి

సాఫ్ట్‌వేర్ నౌకరీ చేసే పిల్లలు లేని ఖాన్‌దాన్‌లు మనలో ఇప్పుడు తక్కువే. హైదరాబాదులోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. అర్ధరాత్రి దాకా ఏం చేస్తున్నావు బేటా అని అమ్మీ అడిగితే "డిప్లాయ్‌మెంట్ అమ్మీ" అంటారు. ఆ ఒక్క మాట వెనక యాభై ఏళ్ల తవారీఖ్ ఉంది. నా నజర్‌లో అది మిషన్ల చరిత్ర కంటే ఎక్కువగా భరోసా చరిత్ర. అందుకే రాస్తున్నాను.

పని వినడానికి సాదాగానే ఉంటుంది. ఒక చోట తయారైన ప్రోగ్రాంను దూరంగా ఉన్న ఇంకో కంప్యూటర్‌కు చేర్చాలి. పాతదాన్ని ఆపు, కొత్తదాన్ని నడుపు అని అక్కడికి హుకుం పంపాలి. రోజూ చేత్తో చేస్తే తక్లీఫ్, పైగా ఏదో ఒకటి మరిచిపోతాం. అందుకని ఆ వరసంతా ఒక ఫైల్లో రాసి మిషన్‌కే అప్పజెప్పారు. అదే బిల్డ్ స్క్రిప్ట్.

దూరానికి ఫైళ్లు పంపే పద్ధతి ఎఫ్‌టీపీకి మొదటి ముసాయిదా రాసింది మన హిందుస్తానీయే. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో ఎంఐటీలో ఉండగా రాశాడు. ఐదేళ్లకు, 1976లో, బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే పనిముట్టు చేశాడు. తోటి ఉద్యోగి ఒకాయన తప్పును సరిదిద్దాడు గానీ ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరిచాడు. లేని తప్పును వెతుకుతూ ఒక పొద్దంతా బర్బాద్ చేసుకున్నాడు. ఆ పరేషానీలోంచి పుట్టిందే మేక్. బిల్డ్ స్క్రిప్టులకు అదే పెద్దన్న.

ఇక అసలు సవాల్: దూరంగా ఉన్న కంప్యూటర్ నిన్ను ఎలా పహచాన్ చేస్తుంది? పాస్‌వర్డ్ అడిగితే జవాబివ్వడానికి మనిషి కూర్చోవాలి. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో 'ఆర్‌సీపీ', 'ఆర్‌ఎస్‌హెచ్' అనే రెండు కమాండ్లు దీనికి ఒక తర్కీబ్ చూపించాయి. ఫలానా మిషన్ నుంచి ఫలానా మనిషి వస్తే అడగకుండా లోపలికి రానివ్వు అని ఒక చిన్న ఫైల్లో రాసిపెడితే చాలు. బిరాదరీలో ఒకరి పేరు చెబితే ఇంకొకరు దర్వాజా తీసినట్టు. స్క్రిప్టులకు ఎంత ఆరామో! కానీ ఆ భరోసాకు గవాహీ ఏదీ లేదు, పేరు ఒక్కటే.

ఫలితం 1988 నవంబర్ 2న కనిపించింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ ఇంటర్నెట్‌లో పాకింది. దాదాపు 6,000 కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పటి అంచనా. అది వాడుకున్న దారుల్లో ఈ 'అడగకుండా తీసే దర్వాజా' కూడా ఒకటి.

పోనీ పాస్‌వర్డే వాడదామంటే ఇంకో ముసీబత్. 1990లో డాన్ లైబ్స్ 'ఎక్స్‌పెక్ట్' తెచ్చాడు. పాస్‌వర్డ్ అడగ్గానే మనిషి బదులు స్క్రిప్టే జవాబిస్తుంది. అంటే ఆ రాజ్ స్క్రిప్టులోనే రాసి ఉండాలి. పైగా ఎఫ్‌టీపీ, టెల్నెట్‌లలో పాస్‌వర్డ్ దారి పొడుగునా పర్దా లేకుండా నడిచిపోయేది. చూడాలనుకున్నవాడికి కనపడేది.

అలా దారిలో పాస్‌వర్డులు కొట్టేసే చోరీ 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఊరుకోలేదు. అదే ఏడాది జులైలో ఎస్‌ఎస్‌హెచ్‌ను లోకానికి ఇచ్చాడు. ఎఫ్‌టీపీ పోర్టు 21, టెల్నెట్ పోర్టు 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. ఇందులో తాళం, చెవి వేరువేరు. తాళాన్ని దూరపు మిషన్ మీద అందరి ముందూ పెట్టొచ్చు, చెవి మాత్రం నీ దగ్గరే ఉంటుంది. చెవి నీ దగ్గర ఉందని రుజువు చేస్తావు తప్ప దాన్ని దారిలో పంపవు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ఉచితంగా పంచాక అది ఇంటింటి సామాను అయింది.

2000లో 'ఆంట్' వచ్చింది, జావా వాళ్ల బిల్డ్ పనిముట్టు. తర్వాత అందులో ఫైలు పంపడానికి 'ఎస్‌సీపీ', హుకుం పంపడానికి 'ఎస్‌ఎస్‌హెచ్‌ఎగ్జెక్' అనే టాస్కులు చేరాయి. రెండు వరుసలు రాస్తే దూరపు సర్వర్ మాట వింటుంది. కానీ వాటిలో 'ట్రస్ట్' అని ఒక మీట ఉంది. దాన్ని ఆన్ చేస్తే అవతలి మిషన్ అసలుదేనా అని ఇక అడగదు. జల్దీలో ఉన్నవాడికి అది రాహత్. ముప్పై ఏళ్ల తజుర్బాను మాత్రం ఒక్క మాటతో పక్కన పడేసినట్టే.

2024 మార్చిలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. తవ్వితే 'ఎక్స్‌జెడ్' అనే లైబ్రరీలో దొంగదారి బయటపడింది. అందులోకి దాన్ని జొప్పించింది ఏదో కాదు, బిల్డ్ స్క్రిప్టే. రెండేళ్లకు పైగా ఖిద్మత్ చేసినట్టు నటించి భరోసా సంపాదించిన ఒక మారుపేరు ఆ పని చేసింది.

కాబట్టి ఈ పని చేసే పిల్లలకు నా మాట ఒకటే. స్క్రిప్ట్ ఒక ఖాసిద్. ఖాసిద్‌కు ఖత్ ఇవ్వాలి, ఇంటి తాళాల గుత్తి కాదు. పాస్‌వర్డ్ అందులో రాయకండి. దానికంటూ వేరే చెవి చేయించండి. ఆ చెవితో ఒక్క కమాండే నడిచేలా బందోబస్తు పెట్టే సౌకర్యం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంది, వాడండి. అవతలి మిషన్ ముద్రను ముందే సరిచూసి రాసిపెట్టుకోండి. ఆ సర్వర్ మీద ఎవరి జీతాల లెక్కలో, ఎవరి ఆస్పత్రి కాగితాలో ఉంటాయి. అవి మీవి కావు, మీ దగ్గర ఉన్న అమానత్.